మడ మొక్కకు ముందు నీటికి దారి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది తాళ్లరేవు మండలంలో మడ అడవిని ఆనుకొని ఉన్న ఊరు. రెండేళ్ల క్రితం మా యువజన సంఘం వాళ్లం, కాలేజీ పిల్లలం కలిసి ఊరి వెనుక బీడు పడిన నేలలో రెండు వేల మడ మొక్కలు నాటాము. మొన్న వెళ్లి చూస్తే పదుల్లో కూడా మిగలలేదు. నీళ్లు పోయలేదని కొందరు, ఎరువు వేయలేదని కొందరు అంటున్నారు. ఈ ఏడు మళ్లీ నాటమంటారా?

జవాబు: వెంటనే నాటవద్దు. ముందుగా ఆ నేల దగ్గరకు పౌర్ణమి పోటుకు ఒకసారి, అష్టమి రోజుల్లో పోటు తక్కువగా ఉన్నప్పుడు ఒకసారి వెళ్లి, నీరు ఎటు నుంచి వస్తోందో, ఎటు పోతోందో, అసలు పోతోందో లేదో గమనించండి. మీ మొక్కలు ఎందుకు చనిపోయాయో ఆ రెండు రోజుల్లో చాలావరకు తెలిసిపోతుంది.

గోదావరి ముఖద్వారాల్లో బీడు పడిన మడ నేలల్లో ఎక్కువ వాటికి ఒకే చరిత్ర ఉంది. గతంలో అడవిని కూపులుగా విభజించి, ఒక్కో కూపును మొత్తంగా నరికేవారు. నీడ పోయిన బురద ఎండకు ఎండి, కుంగి, మధ్యలో లోతుగా, అంచుల్లో ఎత్తుగా పళ్లెంలా తయారైంది. పెద్ద పోటుకు అందులోకి చేరిన నీరు, సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో తిరిగి పాయలోకి వెళ్లలేక అక్కడే నిలిచి, ఆవిరై, ఉప్పును మాత్రం వదిలి పోతుంది. ఇలా ఏళ్ల తరబడి జరిగితే ఆ మట్టిలో ఉప్పు సముద్రపు నీటిలో కంటే ఎక్కువైపోతుంది. మడ చెట్టు ఉప్పును తట్టుకుంటుందన్నది నిజమే కాని, ఆ ఉప్పును రోజూ కడిగి తీసుకుపోయే నీరు ఉన్నంతవరకే ఆ మాట చెల్లుతుంది. అందువల్ల మీ మొక్కలకు కావలసింది బిందెలతో పోసే నీరూ కాదు, ఎరువూ కాదు. పోటుకు నీరు లోపలికి వచ్చి, పాటుకు బయటకు పోయే దారి కావాలి.

ఆ దారిని ఎలా తీయాలో మన దగ్గరే నేర్చుకోవచ్చు. 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, మత్స్యకార గ్రామాల వారు కలిసి గోదావరి, కృష్ణా మడ అడవుల్లో ఈ పని మొదలుపెట్టారు. పాయ నుంచి బీడులోకి ఒక ప్రధాన కాలువను, దానికి రెండు వైపులా సుమారు 45 డిగ్రీల కోణంలో పిల్ల కాలువలను తవ్వుతారు. పై నుంచి చూస్తే చేప ముల్లులా కనిపించే ఈ కాలువలు పైన వెడల్పుగా, అడుగున ఇరుకుగా ఉంటాయి. మొక్కను కాలువ అడుగునా, గట్టు మీదా కాకుండా, పోటు నీరు వచ్చి తాకి వెళ్లే వాలు మధ్యలో నాటుతారు.

మా ఊళ్లో మేము కూడా మొదటి ఏడాది మీలాగే నేరుగా మొక్కలు నాటాము. వేసవి వచ్చేసరికి నేల మీద తెల్లటి ఉప్పు పొర తేలి, అడుగు వేస్తే అప్పడంలా విరిగేది. మొక్కను పట్టుకుని లాగితే వేరు లేకుండా పుల్ల ఒక్కటే చేతికి వచ్చేది. ఆ ఏడాది నేను పడిన బాధ నాకు ఇంకా గుర్తుంది. మరుసటి ఏడాది మొక్కల మాట ఎత్తకుండా పలుగు, పార పట్టుకుని కాలువలే తవ్వాము. ఆ తర్వాతి వానలు వెళ్లాక చూస్తే, మేము నాటని తెల్లమడ మొలకలు కాలువ వాలు పొడవునా రెండేసి ఆకులతో లేచి ఉన్నాయి. వాటి మధ్య పీతలు బొరియలు తవ్వి, తాజా బురదను ఉండలు ఉండలుగా బయట పోశాయి. దగ్గర్లో తల్లి చెట్లు ఉంటే, నీటికి దారి దొరికితే, విత్తనాలను పోటే మోసుకొస్తుంది. అక్కడ మనిషి నాటవలసింది చాలా తక్కువ.

అయితే ఈ కాలువలు ఒకసారి తవ్వి వదిలేసేవి కావు. గోదావరి వరద తెచ్చే ఒండ్రు ప్రతి ఏడూ వాటిని పూడుస్తుంది, కనుక వరదలు తగ్గిన తర్వాత పూడిక తీయాలి. గేదెలు లేత మడ ఆకులను ఇష్టంగా మేస్తాయి కాబట్టి, మొదటి మూడేళ్లు పశువుల కాపరులతో మాట్లాడి మరో మేత దారి ఒప్పించుకోవాలి. కంచె కంటే ఈ ఒప్పందమే ఎక్కువ కాలం నిలుస్తుందని నా నమ్మకం. ఒక్కరోజు వచ్చే వందమంది కంటే, ప్రతి నెలా పౌర్ణమి తర్వాత ఒక పూట వచ్చే పదిమంది మీకు అవసరం. మీ సంఘం అంతమందిని కూడగట్టగలిగితే తప్పకుండా మొదలుపెట్టండి.

పనికి ముందు అనుమతి తీసుకోండి. మీ బీడు కోరింగ అభయారణ్యం పరిధిలో ఉంటే, అది 1978లో ప్రకటించిన వన్యప్రాణి అభయారణ్యం కనుక అటవీ శాఖ అనుమతి లేకుండా అందులో ఏ పనీ చేయకూడదు. అడవి వెలుపల ఉంటే అది ఎవరి భూమో తహసీల్దారు కార్యాలయంలో తెలుసుకోండి. మీ ఊళ్లో వన సంరక్షణ సమితి గాని, పర్యావరణ అభివృద్ధి కమిటీ గాని ఉంటే వారి ద్వారా వెళ్లడం మంచిది.

ప్రశ్న: నేను కాట్రేనికోన మండలంలో ఉపాధ్యాయురాలిని. మా తొమ్మిదో తరగతి పిల్లల చేత ఉప్పుపొన్న అనే మడ చెట్టు మొలకలు ఏరించి నాటించాలని ఉంది. ఎప్పుడు, ఎలా ఏరాలి? పిల్లలకు ప్రమాదం ఏమైనా ఉందా?

జవాబు: ఉప్పుపొన్న గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, మునక్కాయలా పొడవుగా కిందికి వేలాడుతుంది. పచ్చిది తెంపితే బతకదు. కాయ అడుగున, మొలక మెడ చుట్టూ పసుపు రంగుదో ఎర్రటిదో చిన్న కట్టు కనిపించినప్పుడే అది పండినట్లు. అప్పుడు మెల్లగా తిప్పితే చాలు, ఊడి వస్తుంది. పాయ ఒడ్డున రాలి ఉన్నవాటిలో పురుగు తొలవనివి, ఎండిపోనివి ఏరుకోవడం అన్నిటికన్నా మంచిది. చెట్టు కింద ఉన్నవన్నీ ఏరేయకుండా సగానికి పైగా అక్కడే వదలమని పిల్లలకు ముందే చెప్పండి. మొగ్గ ఉన్న సన్నటి కొన పైకి ఉండేలా, మూడో వంతు బురదలోకి దిగేలా గుచ్చితే సరిపోతుంది. ఉప్పుపొన్నకు రోజూ నీరు తగిలే పాయ అంచు కావాలి. లోపలి నేలకు తెల్లమడ, నది మంచినీరు ఎక్కువగా కలిసే చోటుకు కలింగ అనే మరో మడ రకం నప్పుతాయి. తెల్లమడను మాత్రం ముందు సంచుల్లో పెంచి, కాస్త ఎదిగాక నాటడం మేలు.

ప్రమాదం విషయానికి వస్తే, నేను ముందుగా చెప్పేది మడ అడవిలోనే పెరిగే తిల్ల చెట్టు గురించి. దాని కొమ్మ విరిస్తే కారే తెల్లటి పాలు చర్మం మీద పడితే బొబ్బలు వస్తాయి, కంట్లో పడితే చూపు తాత్కాలికంగా పోవచ్చు. మొదటి రోజే ఆ చెట్టును దూరం నుంచి చూపించి, కొమ్మలు విరవకూడదని గట్టిగా చెప్పండి. బురదలో మడ శ్వాసవేళ్లు మేకుల్లా లేచి ఉంటాయి, ఆల్చిప్పలు కోస్తాయి, కనుక పాత కాన్వాసు బూట్లు తప్పనిసరి. ఆ పాయలు ఎరిగిన మత్స్యకారుడు ఒకరు తోడు లేకుండా, పోటు వేళ తెలుసుకోకుండా పిల్లలను తీసుకువెళ్లకండి.

ప్రశ్న: పాటు సమయంలో కాకినాడ తీరం వైపు బయటపడే బురద నేలంతా ఖాళీగా ఉంది. అక్కడ కూడా మడ నాటితే అడవి పెరుగుతుంది కదా?

జవాబు: అది ఖాళీ నేల కాదు. శీతకాలంలో దూర దేశాల నుంచి వచ్చే ఉల్లంకి పిట్టల వంటి వేలాది నీటి పక్షులు ఆ బురదలోని పురుగులనూ, గవ్వలనూ తిని బతుకుతాయి. పైగా ఎప్పుడూ మడ లేని చోట, అలల తాకిడికి నాటిన మొక్క నిలవదు. పాత మొదళ్లో, పెద్దల జ్ఞాపకమో ఇక్కడ ఒకప్పుడు అడవి ఉండేదని చెప్పిన చోటనే పని చేయండి.

ప్రశ్న: అంతర్వేది దగ్గర మా తీరంలో ఇసుక దిబ్బల మీద సరుగుడు తోటలే ఉన్నాయి. తుఫానుకు అవి అడ్డమే కదా, మళ్లీ దేశీ మొక్కలు ఎందుకని మా ఊళ్లో అడుగుతున్నారు.

జవాబు: సరుగుడు గాలిని కొంత ఆపుతుంది, పేదవారికి కర్ర ఆదాయం ఇస్తుంది. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమలో గాలికి అడ్డం అన్న మాటకు ఎంత విలువ ఉందో నాకు తెలుసు, అందుకే ఉన్న తోటలను కొట్టేయమని నేను చెప్పను. అయితే అది మన నేల చెట్టు కాదు. దాని కింద పరుచుకునే ఆకుల మెత్తలో మరో మొక్క సులువుగా లేవదు. దిబ్బను పట్టి ఉంచే పని నేల మీద పాకే బాలబంది తీగ, రావణాసురుని మీసాల గడ్డి, మొగలి పొదలు ఎంతో బాగా చేస్తాయి. గాలికి కొట్టుకొచ్చే ఇసుకను ఆ తీగ తన ఆకుల మధ్య పట్టి, ఆ ఇసుకపైనే మళ్లీ వేరు వేసుకుంటూ దిబ్బతో పాటు పైకి పెరుగుతుంది.

అందువల్ల సముద్రం వైపున్న ఇసుకలో కొత్తగా సరుగుడు వేయకుండా, ఆ భాగాన్ని తీగకూ గడ్డికీ వదలమని మీ పంచాయతీని కోరండి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఎక్కేది ఆ ఇసుకలోకే. బాలబంది నాటడం కష్టమేమీ కాదు. మూరెడు తీగ ముక్కలను రెండు మూడు కణుపులు ఇసుకలో కప్పేలా వానలు మొదలవగానే పాతిపెడితే అవే అల్లుకుంటాయి. జనవరి నుంచి తాబేళ్లు వచ్చే కాలం కనుక, తవ్వే పని ఏదైనా అంతకు ముందే ముగించుకోండి.