పాపకు నిజం నువ్వే చెప్పు

చి. ల. సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

సంక్రాంతికి మీ అత్తవారింట ఎవరో చుట్టాలావిడ పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని "నిన్ను కన్నది మీ అత్త" అని చెప్పిందనీ, ఆనాటి నుంచి పాప సరిగా తినడం లేదనీ, ఏమైందని అడిగితే ఏమీ లేదంటోందనీ, ఆ మాట అబద్ధమని దాని తల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టేయనా అనీ నువ్వు అడిగావు. ఒట్టు పెట్టవద్దు. ఈ ఉత్తరంలో మిగిలినదంతా నిదానంగా చదువుకోవచ్చు గాని, ఈ ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకుండా, నువ్వూ అల్లుడు గారూ కలిసి కూర్చుని, మీ ఆడపడుచు కన్న బిడ్డను మీరు దత్తత తీసుకున్న మాట నిజమేనని మీ నోటితో పాపకు చెప్పండి.

పదేళ్ల పిల్ల తాను గదిలోకి రాగానే ఎవరి మాట ఆగిపోతుందో, ఎవరు ఎవరి వంక చూస్తారో ఏనాడో గమనించి ఉంటుంది. ఇప్పుడు అది ఎదురుచూస్తున్నది నువ్వేమంటావోనని. నువ్వు ఒట్టు వేస్తే దాని మనసు నాలుగు రోజులు కుదుటపడుతుంది. ఆ తరువాత పదో తరగతి దరఖాస్తు నింపేటప్పుడో, పెళ్లి సంబంధాల మాటల్లోనో సంగతి బయటపడిందంటే, కన్నతల్లి ఎవరన్నది పక్కకు పోయి, తల మీద చెయ్యి వేసి అబద్ధమాడిన అమ్మే దాని కళ్ల ముందు నిలుస్తుంది. నేను బడిలో పనిచేసిన రోజుల్లో ఇలా తెలుసుకున్న పిల్లలను చూశాను. "ఊరందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలియదు" అన్న అవమానమే వాళ్లను ఏళ్ల తరబడి పీడించింది.

నా సంగతి మీ అమ్మ నీకు ఎంతవరకు చెప్పిందో నాకు తెలియదు. మీ అమ్మ పుట్టకముందే, పిల్లలు లేని మా దొడ్డమ్మ నన్ను నరసాపురం తీసుకువచ్చి పెంచుకుంది. కన్నవారిది అవతలి ఒడ్డున సఖినేటిపల్లి. నాకు ఊహ తెలిసిన నాటి నుంచీ దొడ్డమ్మ పంటు మీద ఏరు దాటించి నన్ను అక్కడికి తీసుకువెళ్లి, "ఈవిడ నిన్ను కన్న అమ్మ, నేను నిన్ను పెంచుతున్న అమ్మను" అని ఇద్దరూ ఉండగానే చెప్పేది. అందువల్ల ఏ పెళ్లిలోనూ ఏ చుట్టమూ నాకు కొత్తగా చెప్పగలిగింది ఏమీ మిగలలేదు. అయినా తిరిగి వచ్చేటప్పుడు రేవు దూరమవుతుంటే ఏడ్చేదాన్ని. దొడ్డమ్మ నన్ను ఊరుకోమనేది కాదు, చెంగుతో ముఖం తుడిచి పక్కన కూర్చునేది. నిజం చెప్పేస్తే పాప వెంటనే మామూలుగా అయిపోతుందని నువ్వు ఆశించకూడదనే ఇదంతా రాస్తున్నాను. దానికి దుఃఖం ఉంటుంది, ఆ దుఃఖాన్ని నీ దగ్గర దాచుకోవలసిన అవసరం మాత్రం ఉండకూడదు.

సెలవు రోజున, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఫోన్లు పక్కన పెట్టి చెప్పండి. మాటలు వెతుక్కోకుండా ఇలా చెప్పవచ్చు: "నువ్వు అత్త కడుపున పుట్టావు. మాకు పిల్లలు కలగలేదు, అమ్మానాన్నలం కావాలని మాకెంతో కోరికగా ఉండేది. అత్త, మామయ్య, మేము మాట్లాడుకుని నువ్వు మా దగ్గర పెరగాలని నిర్ణయించుకున్నాం. ఇందులో నీ తప్పు ఏ కొంచెమూ లేదు. ఈ సంగతి నీకు మేమే ముందుగా చెప్పవలసింది, చెప్పనందుకు నువ్వు మమ్మల్ని కోప్పడవచ్చు. ఎప్పుడు ఏమి అడిగినా నిజమే చెబుతాం." అక్కడితో ఆపి, అది ఏమంటే అది వినండి. ఏమీ అనకపోతే అదీ సరే.

"వాళ్లు నిన్ను వద్దనుకున్నారు" అని గాని, "మేము లేకపోతే నీ గతి ఏమయ్యేది" అని గాని కోపంలో కూడా నోరు జారవద్దు. నిన్ను యశోదతో పోల్చేవాళ్లు చాలామంది వస్తారు. వాళ్ల మనసు మంచిదే గాని, పాప ముందు ఆ పోలిక తేనివ్వకు. దేవకి ఊసెత్తకుండా యశోదను పొగిడితే, కన్నతల్లిని తలచుకోవడమే తప్పేమోనని పిల్ల అనుకుంటుంది. నీ పట్ల కృతజ్ఞతతో ఉండమని కూడా దానికి ఎవరూ నేర్పకూడదు. కన్న ఇంట్లో పెరిగే పిల్లలు రోజూ అన్నం పెట్టినందుకు దండాలు పెడుతున్నారా?

దాని మొదటి ప్రశ్న "నేను ఆడపిల్లనని ఇచ్చేశారా?" అన్నదే కావచ్చు. మీ ఆడపడుచు అత్తవారింట ఆనాడు ఏయే మాటలు వచ్చాయో నాకు తెలుసు, నీకూ తెలుసు. కాదని అబద్ధం చెప్పవద్దు, అలాగని పెద్దవాళ్ల సణుగుడంతా పదేళ్ల పిల్ల నెత్తిన కుమ్మరించవద్దు. కాలవ లాకులో నీటిమట్టాలు సమమయ్యేదాకా తలుపు తీయరు కదా, దాని వయసుకు తగినంత ఇప్పుడు చెప్పి, మిగతాది దాని మనసు ఎదిగినకొద్దీ చెప్పుకుంటూ రావాలి. "ఆడపిల్లలంటే చిన్నచూపు ఉన్నవాళ్లు ఆ ఇంట్లో ఉండేవారు, అది వాళ్ల తప్పు, మేము మాత్రం నిన్నే కోరుకున్నాం" అంటే ఇప్పటికి చాలు, అందులో అబద్ధమూ లేదు.

చెప్పిన తరువాతి రోజుల్లో అది చీటికిమాటికి గొడవ పడవచ్చు, చిన్నపిల్లలా నీ కొంగు పట్టుకుని తిరగవచ్చు, నిద్రలో పక్క తడపవచ్చు, చదువులో వెనకబడవచ్చు, కావాలనే నీకు కోపం తెప్పించి "నన్ను పంపేస్తావా?" అనవచ్చు. వీటన్నిటి వెనక ఉన్న భయం ఒక్కటే. ఇచ్చినవాళ్లు ఉన్నప్పుడు, తిరిగి ఇచ్చేసేవాళ్లు కూడా ఉంటారేమోనన్నది ఆ భయం. దానికి జవాబు 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టంలోనే ఉంది. చట్టప్రకారం జరిగిన దత్తతను తల్లిదండ్రులు రద్దు చేయలేరు, పిల్లలు కూడా దానిని వదులుకుని కన్నవారి ఇంటికి తిరిగి పోలేరు. "నేను పంపాలనుకున్నా పంపలేను, నాకు ఆ ఆలోచన రానే రాదు" అని ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పు. విసుగు చూపించవద్దు.

ఆ మాట గట్టిగా అనాలంటే కాగితం గట్టిగా ఉండాలి. పిల్లను చేతుల్లో పెట్టి ఇవ్వడం, పుచ్చుకోవడం జరిగితే చాలు, దత్త హోమం తప్పనిసరి కాదని ఆ చట్టమే చెబుతోంది. అయితే ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు సంతకాలు చేసిన దత్తత పత్రం రిజిస్టరై ఉంటే, దత్తత సక్రమంగా జరిగిందనే కోర్టు మొదట భావిస్తుంది. మీరు రిజిస్టర్ చేయించారని అల్లుడు గారు అప్పట్లో అన్నారు. ఆ పత్రం, జనన ధృవీకరణ, ఆధార్, బడి రికార్డు అన్నింటిలో పేర్లు ఒక్కతీరుగా ఉన్నాయో లేదో ఈ వారంలోనే సరిచూడమను. 1956కు ముందు ఆడపిల్లను దత్తత తీసుకోవడానికి హిందూ ధర్మశాస్త్రం సాధారణంగా ఒప్పుకునేది కాదు. ఆ తరువాత కూడా మావాళ్లు నా విషయంలో ఏ పత్రమూ రాయించలేదు, ఉత్త పెంపకమే. పెంచిన నాన్న పోయాక దాయాదులు పొలం దగ్గర నిలబడి "ఈవిడెవరు?" అని అడిగినప్పుడు, పొలం పోయినందుకు కాక ఆ ప్రశ్నకే నేను ఎక్కువ ఏడ్చాను. పాపకు ఆ ప్రశ్న ఎన్నడూ రాకూడదు.

ఇక బావ సంగతి. దత్తతతో పాప కన్న ఇంటి అన్నయ్య వరసకు మేనబావ అయ్యాడు. మన వైపు మేనరికాల ముచ్చట ఎంతో నీకు తెలియనిది కాదు. "మీ బావ వచ్చాడే" అని ఎవరైనా పాపను ఆట పట్టించడం నువ్వు విన్నావంటే, నవ్వి ఊరుకోకుండా అక్కడికక్కడే ఆపించు. పుట్టిన ఇంట్లో ఎవరిని పెళ్లి చేసుకోకూడదో, దత్తత వెళ్లాక కూడా వాళ్లను చేసుకోకూడదని చట్టమే నిషేధించింది. వాళ్లిద్దరూ తోడబుట్టినవాళ్లన్న సంగతి ఆ అబ్బాయికీ తెలియాలి. వాడిని పాప ఏమని పిలవాలనుకుంటే అలా పిలవనివ్వండి. "అన్నయ్యా" అని పిలిచిందని నీ ఇంట్లో దాని స్థానం తగ్గిపోదు.

మీ ఆడపడుచును గురించి నువ్వు రాసిన నాలుగు వాక్యాల్లోనూ నీ భయమే కనిపించింది. ఆమె పాపను ఎత్తుకుంటే నీ గుండె గుభేలుమంటుందని రాశావు. అది సహజమే. కానీ ఆమె వైపు నుంచి కూడా ఒకసారి ఆలోచించు. దత్తత చట్టానికి 2010లో చేసిన సవరణ తరువాత బిడ్డను ఇవ్వడంలో తల్లికీ తండ్రికీ సమాన హక్కు ఉంది, ఒకరి సమ్మతి లేకుండా ఇంకొకరు ఇవ్వడానికి లేదు. ఆమె సంతకం చేసింది నిజమే. బాలింతగా ఉన్న పిల్ల, అత్తగారు, మొగుడు, పుట్టింటివారు చుట్టూ కూర్చుని ఉండగా చేసిన ఆ సంతకం వెనక ఆమె మనసు ఎంత నలిగిందో మనలో ఎవరమైనా అడిగామా? పదేళ్లుగా తన బిడ్డ తనను అత్తా అని పిలుస్తుంటే పలుకుతూ వచ్చింది. "నీకు ఇంకొకరు ఉన్నారు కదా" అని ఆమెతో ఎవరూ అనకూడదు. ఉన్న బిడ్డ ఇచ్చిన బిడ్డకు బదులు కాదు.

పాపకు చెప్పడానికి ముందు రోజు మీ నలుగురు పెద్దవాళ్లూ కలవండి. ఏమి చెప్పబోతున్నారో ఆమెకు చెప్పు, పాప వచ్చి అడిగితే ఆమె కూడా అదే నిజం చెప్పాలని, దాని ముందు "నిన్ను ఇచ్చి తప్పు చేశాను, వచ్చేయ్" అన్న మాట రాకూడదని మృదువుగా అడుగు. ఆమె ఏడిస్తే ఏడవనివ్వు. నువ్వు కూడా ఆ పూట నీ సంగతి చెప్పుకోవచ్చు. గొడ్రాలన్న మాట ఎన్ని పేరంటాలలో పడ్డావో, నెలనెలా ఎంత ఎదురుచూశావో, పాప వచ్చిన సంతోషంలో అదంతా మరిచిపోయినట్టు నటించావే గాని, నీ కడుపున పుట్టని బిడ్డ కోసం నువ్వు ఎన్నడూ తనివితీరా ఏడవలేదు. ఆ బరువు పాప మీద పెట్టకుండా దించుకునే చోటు నీకు కావాలి. నాతో మాట్లాడు. ఇంట్లోవాళ్లతో చెప్పలేనిది ఉంటే మనసు బాధలు చెప్పుకోవడానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ అనే ఫోన్ సేవ ఉంది, 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. కొన్ని వారాలు గడిచినా పాప తినకపోయినా, నిద్ర పోకపోయినా, చచ్చిపోతానన్న మాట ఒక్కసారి అన్నా, సిగ్గుపడకుండా మానసిక వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి.

మీ పక్కింటావిడ శిశుగృహ నుంచి బిడ్డను తెచ్చుకోవాలనుకుంటోందని రాశావు. ఆసుపత్రిలో తెలిసినవాళ్లు ఇప్పిస్తామన్న మాట వినవద్దని చెప్పు, బిడ్డను అమ్మినా కొన్నా జైలు శిక్ష ఉంది. దత్తతలను చూసే కారా అనే కేంద్ర సంస్థ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి, చివరి ఉత్తర్వు కలెక్టరు ఇస్తారు, ఆ తరువాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి వచ్చి బిడ్డ ఎలా ఉందో చూస్తారు. ఆ రాకపోకలను తనిఖీ అనుకోకుండా, తనకు తోచని విషయాలు అడిగి తెలుసుకోమను. శిశుగృహలో ఇచ్చే ప్రతి కాగితమూ, అక్కడ తొడిగిన గౌనుతో సహా దాచి ఉంచమను. పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాలను గురించి తానే దరఖాస్తు చేసుకునే వీలు పిల్లలకు ఉంది, అప్పటికి అవే ఆధారాలవుతాయి.

దత్తత కాకపోయినా ఇటువంటి దుఃఖమే ఉన్న పిల్లలు మన కోనసీమ ఊళ్లలో ఎందరో ఉన్నారు. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటి పనికి వెళ్తే అమ్మమ్మ దగ్గర పెరిగి, అమ్మమ్మనే అమ్మా అంటారు. తల్లి తిరిగి వచ్చిన రోజు ఇల్లంతా పండగ చేసుకుంటుంటే, ఆ పిల్ల మాత్రం మళ్లీ ఒక అమ్మను పోగొట్టుకుంటోంది. మీ వీధిలో అలాంటి పిల్ల ఉంటే, వచ్చిన వెంటనే తల్లి దగ్గర పడుకోమని బలవంతపెట్టవద్దని, కొన్నాళ్లు ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండమని వాళ్లకు చెప్పు. ఎవరూ చూసుకునేవాళ్లు లేని పిల్ల కనిపిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయి.

ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. ఈ వేసవిలో పాప "అత్తావాళ్లింటికి వెళ్తాను" అని అడుగుతుంది. నీకు నిద్ర పట్టదు. అయినా పంపించు. బట్టలు నువ్వే సర్దు, రాత్రిళ్లు అది కప్పుకునే దుప్పటి కూడా పెట్టు. ఎన్ని రోజులుంటుందో, ఏ రోజున మీరు వచ్చి తీసుకువస్తారో క్యాలెండర్‌లో దాని చేతనే గుర్తు పెట్టించు. మధ్యలో అది ఫోన్ చేయకపోతే నొచ్చుకోవద్దు, నువ్వు చేసినప్పుడు "నేను గుర్తొస్తున్నానా" అని అడగవద్దు. గుర్తు పెట్టిన రోజున మీరిద్దరూ వెళ్లండి, మీ ఆడపడుచు భోజనం పెడితే అక్కడే తిని, పాపను తీసుకుని రండి.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ