నెట్‌లో పెట్టిన వ్యాసానికి రిజిస్ట్రేషన్ లేకపోయినా కాపీరైట్ ఉంటుందా?

ఉంటుంది, 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సొంతంగా రాసిన వ్యాసం రాతరూపంలోకి వచ్చినప్పటి నుంచే రచయితకు హక్కు దక్కుతుంది, అది ఆయన జీవితకాలమంతా, మరణించిన మరుసటి ఏడాది మొదలు మరో 60 సంవత్సరాలూ నిలుస్తుంది. రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం, వివాదం కోర్టుకెక్కితే సాక్ష్యంగా అక్కరకొస్తుంది.

చట్టం కాపాడేది విషయాన్ని చెప్పిన తీరును మాత్రమే. అందువల్ల రామప్ప గుడిని 1213లో కట్టించారని, 2021లో దానికి యునెస్కో గుర్తింపు వచ్చిందని ఎవరైనా రాయవచ్చు గాని, అక్కడి మదనికల (స్త్రీ శిల్పాల) నగలను, నిలిచిన భంగిమలను హనుమకొండ రచయిత ఒకరు వర్ణించిన పేరాలను ఎత్తి తమ పేజీలో పెట్టుకోకూడదు. "కింద ఆయన పేరు వేశాం కదా" అన్నది తరచూ వినిపించే సమాధానం. పేరు వేయడం మర్యాదే, అనుమతి మాత్రం వేరుగా తీసుకోవాలి. విమర్శకో సమీక్షకో అవసరమైన మేరకు ఉటంకించడానికి 52వ సెక్షన్ వెసులుబాటు ఇస్తోంది, వ్యాసాన్ని మొత్తంగా దించుకోవడానికి అది వర్తించదు.