రంగుల ఫ్లోర్ ల్యాంప్ వెలిసిపోతోందా? ముందు బల్బు చూడండి

ఎరుపు, పసుపు, నీలం అక్రిలిక్ బిళ్లలున్న డిజైనర్ ఫ్లోర్ ల్యాంప్ కొన్నామని, రంగులు అప్పుడే డల్ అయినట్టున్నాయని, ఏ లిక్విడ్‌తో తుడవాలని అడిగారు. మా హాల్లోనూ అలాంటిదే ఉంది. తుడిచే సంగతి తర్వాత, ముందు ఒకటి చూడండి: పగలు కూడా డల్‌గా ఉందా, లైటు వేశాకేనా? రాత్రి మాత్రమే అయితే ల్యాంపుకేం కాలేదు, నేరం బల్బుది.

బల్బు పెట్టె మీద సీఆర్‌ఐ అని ఒక అంకె ఉంటుంది, ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పేది అదే. 80 ఉన్న మామూలు ఎల్‌ఈడీ వెలుగులో మంచి ఎరుపు కాస్తా ఇటుక రంగులోకి దిగిపోతుంది. ఆ అంకె 8 లేత రంగుల సగటు. ముదురు ఎరుపు అందులో లేనే లేదు, దాన్ని ఆర్9 అని విడిగా కొలుస్తారు. సీఆర్‌ఐ 90 దాటి, ఆర్9 కూడా బాగున్న 2700 కెల్విన్ (పసుపు ఛాయ వెలుగు) బల్బు వేశాక మా ఎరుపు బిళ్ల మళ్లీ నిండుగా కనిపించింది. మీ ల్యాంపులో నీలం ఎక్కువైతే మాత్రం ఇంకాస్త తెల్లటి వెలుగిచ్చే 4000 కెల్విన్ వైపు వెళ్లండి, పసుపు వెలుగులో నీలం నల్లబడినట్టుంటుంది. హోల్డర్ దగ్గర రాసిన వాట్ల పరిమితి దాటకండి.

ఇక తుడవడం. ప్లగ్ తీసి, బల్బు చల్లారనివ్వండి. అక్రిలిక్‌ని పొడిగుడ్డతో గట్టిగా రుద్దితే స్టాటిక్ కరెంటు పుట్టి, దులిపిన దుమ్మే తిరిగొచ్చి అంటుకుంటుంది, పైగా గీతలు. నేను మెత్తటి బ్రష్‌తో దులిపి, గోరువెచ్చటి నీళ్లలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు లిక్విడ్ వేసి, మైక్రోఫైబర్ గుడ్డని బాగా పిండి తుడుస్తాను. స్పిరిట్, థిన్నర్, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ దాని దరిదాపులకి రానివ్వకండి. తళతళలాడుతుందని చాలామంది గ్లాస్ క్లీనరే కొడతారు. బిళ్ల అంచుల్లో, స్క్రూ బిగించిన రంధ్రం చుట్టూ సాలెగూడు లాంటి సన్నటి పగుళ్లు మొదలవుతాయి. వచ్చాయంటే మళ్లీ పోవు, బిళ్ల మార్చాల్సిందే.

గుడ్డ షేడ్ కూడా ఉంటే తడి వద్దు, లోపలి జిగురు ఊడుతుంది. లింట్ రోలర్ చాలు. పెయింటు వేసిన ఇనుప కాడకి తడిగుడ్డ పర్వాలేదు, వెంటనే పొడిగా తుడిచేయండి.

తుడిచాక పగలు చూసినా వెలిసినట్టే ఉంటే అది చాలావరకు ఎండ పనే. కిటికీ అద్దం అల్ట్రావయొలెట్‌ని పూర్తిగా ఆపదు. మా గుడ్డ షేడ్‌ని తిప్పి చూస్తే కిటికీ వైపున్న ముఖం ఒక ఛాయ తక్కువగా కనిపించింది. దాన్ని వెనక్కి తెచ్చే పాలిష్ ఏదీ లేదు. ల్యాంపుని నేరుగా ఎండ పడని మూలకి జరపండి, షేడ్‌ని అప్పుడప్పుడు తిప్పుతుండండి. జరిపేటప్పుడు కాడ పైభాగం పట్టుకుని లాగొద్దు, జాయింట్లు వదులవుతాయి. బేస్ దగ్గర పట్టుకుని ఎత్తండి.