ఆర్‌బీ30 బ్లాక్ మీద ఆర్‌బీ25 హెడ్: బెల్ట్, ఆయిల్ సంగతి

బ్రదర్, హోల్డెన్ వీఎల్ కమొడోర్ కారు నుంచి తీసిన నిస్సాన్ ఆర్‌బీ30ఈ ఇంజిన్ బ్లాక్ (సిలిండర్లు ఉండే కింది భాగం) మీద నిస్సాన్ స్కైలైన్ కారు ఆర్‌బీ25డీఈటీ ఇంజిన్ హెడ్ (వాల్వులు, క్యామ్‌లు ఉండే పై భాగం) ఎక్కిస్తే టైమింగ్ బెల్ట్ (క్రాంక్‌తో క్యామ్‌లను తిప్పే బెల్ట్) అందడం లేదు, వీసీటీ (ఆయిల్ ఒత్తిడితో క్యామ్ టైమింగ్ మార్చే ఏర్పాటు) పనిచేయడం లేదు అన్నారు కదా. టెన్షన్ పడకండి, మీరు ఎంచుకున్న జోడీ మంచిదే. రెండింటి బోర్ (సిలిండర్ వ్యాసం) 86 మిల్లీమీటర్లే. తేడా స్ట్రోక్‌లో (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం) ఉంది: ఆర్‌బీ25లో 71.7, ఆర్‌బీ30లో 85. ఆర్‌బీ30 కనెక్టింగ్ రాడ్లు కూడా పొడవు. అందుకే ఆర్‌బీ30 బ్లాక్ దాదాపు 38 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ, పాత బెల్ట్ ఎలా అందుతుంది? పొడవు బెల్ట్ తెచ్చుకుని, బెల్ట్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ కోసం బ్లాక్‌లో కొత్త చోట డ్రిల్ చేయించి ట్యాప్ కొట్టించండి (బోల్టు ఎక్కేలా మరలు కోయించండి).

వీసీటీకి ఆయిల్ వెళ్లే దారి ఈ బ్లాక్‌లో లేదు. బయట నుంచి లైన్ వేసి హెడ్‌కి ఇవ్వాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మీ పిస్టన్లు సింగిల్ క్యామ్ హెడ్ కోసం చేసినవి. హెడ్‌ను చివరిసారి బిగించేముందు పిస్టన్ మీద పిల్లలు ఆడుకునే క్లే పెట్టి, హెడ్, బెల్ట్ తాత్కాలికంగా బిగించి, ఇంజిన్‌ను చేత్తోనే నెమ్మదిగా రెండు చుట్లు తిప్పండి. తర్వాత హెడ్ తీసి, వాల్వ్ నొక్కిన చోట క్లేని బ్లేడుతో కోసి మందం కొలవండి; వాల్వ్‌కీ పిస్టన్‌కీ మధ్య మిగిలే ఖాళీ అదే. దీన్ని మాత్రం దయచేసి వదలొద్దు.

పాత క్రాంక్‌కి ఆయిల్ పంపును తిప్పే భాగం పొట్టి. హై ఆర్‌పీఎంలో పంపు గేర్లు పగులుతాయి. క్రాంక్ మీద ఆ భాగాన్ని పొడిగించే కాలర్ వేయించాకే బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) పెంచండి.