చట్టం అచ్చులో ఉండగా పాత ఉత్తరాలెందుకు?

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడే చెన్నైలో ఎంఏ హిస్టరీ చదువుతోందండీ. అమెరికాలో బ్యాంకుల చట్టాలు చేసిన కార్టర్ గ్లాస్ కాయితాలు వర్జీనియా యూనివర్సిటీ లైబ్రరీలో దాచారట, వాటిమీదే ప్రాజెక్టు చేస్తానని కూచుంది. చట్టం అచ్చులో ఉందిగా, ఆ పాత ఉత్తరాలతో ఏం పని?
– ఒక తల్లి, చూళైమేడు

జవాబు: చెయ్యనివ్వండమ్మా, మంచి సబ్జెక్టే పట్టుకుంది. 1913 చట్టం చదివితే ఫెడరల్ రిజర్వ్, అంటే మన రిజర్వ్ బ్యాంకులాంటిది, పెట్టారని తెలుస్తుంది, దాని వెనక ఎంత పెనుగులాట జరిగిందో తెలీదు. అప్పట్లో అక్కడ బ్యాంకులు నోట్లు వెయ్యాలంటే గవర్నమెంట్ బాండ్లు చూపించాలి, మరి కోతల టైముకి ఊళ్లలో ఒక్కసారిగా డబ్బు కావాలి కదా, బాండ్లు అలా పెరగవుగా, సరిగ్గా అప్పుడే కటకట. 1907 అక్టోబరు 22న న్యూయార్కులో జనం డబ్బు దాచుకునే నికర్‌బాకర్ ట్రస్టు చెల్లింపులు ఆపేసింది. సరిగ్గా ఏడాది ముందు, 1906లో అదే తారీఖున, మన మద్రాసులో బ్యాంకు నడిపే అర్బత్‌నాట్ కంపెనీ తలుపులు మూసింది, దాచుకున్నవాళ్లు గొల్లుమన్నారు, ఆ దెబ్బ తర్వాతే 1907లో ఇండియన్ బ్యాంక్ పుట్టింది. ఇది చెప్తే మీకూ ఆ అమెరికా గొడవ దగ్గరగానే అనిపిస్తుంది.

గ్లాస్ మొదట ఫెడరల్ రిజర్వ్‌ని నడిపే బోర్డులో బ్యాంకర్లకీ సీట్లుండాలన్నాడు, ప్రెసిడెంట్ విల్సన్ ససేమిరా అన్నాడు, చివరికి వాళ్లకో సలహా కౌన్సిల్ ఇచ్చి సరిపెట్టారు. చట్టంలో ఆ కౌన్సిల్ ఒక సెక్షన్ మాత్రమే, ఎవరు పట్టుబట్టారు ఎవరు తగ్గారు అన్నది అందులో రాయరు కదా. 1933 నాటి గ్లాస్-స్టీగల్ బ్యాంకుల చట్టమూ అంతే, దానిమీద గ్లాస్ పేరుంది గానీ డిపాజిట్ల ఇన్సూరెన్స్ ఆయనకి ఇష్టంలేదు, అది ఆ చట్టంలో రెండో పేరున్న కాంగ్రెస్ సభ్యుడు స్టీగల్ పట్టుదల. ఇలాంటివి పట్టుకోవాలంటే ఉత్తరాలు, డ్రాఫ్టులు తిరగెయ్యాల్సిందే.

ఒక్కటి మాత్రం వదలొద్దని చెప్పండి. 1901-02లో వర్జీనియా రాజ్యాంగ సభలో నల్లజాతివాళ్ల ఓట్లు ఊడగొట్టడానికి ముందున్నదీ ఈ గ్లాసే. బ్యాంకుల గొప్పంతా రాసి ఇది రాయకపోతే నాకు మనసొప్పదు.

ముందొకసారి ఎగ్మూరు ఆర్కైవ్స్‌కి తీసుకెళ్లండి, కాలేజీ లెటర్ దగ్గరుంటే మంచిది. నాడా విప్పి ఒక పాత ఫైలు నెమ్మదిగా తెరవనివ్వండి, ముట్టుకుంటే అంచులు రాలుతుంటాయి, మార్జిన్లో ఒకళ్లు రాసినదాన్ని ఇంకొకళ్లు వేరే సిరాతో కొట్టేసి ఉంటారు. ఆ కొట్టేసిన లైనే ముందు చదవమనండి.