సందర్శకులకు అనువైన వెబ్‌సైట్‌ను ఎలా రూపొందించుకోవాలి?

రంగులు, బొమ్మల కన్నా ముందు తేల్చుకోవలసింది: వచ్చేవారు ఏ పని మీద వస్తారు? ఎక్కువమందికి కావలసినది మొదటి పేజీలోనే కనిపించాలి. మెనూలో ‘పరిష్కారాలు’ వంటి డొంకతిరుగుడు పేర్లు దయచేసి వద్దు. ‘ధరలు’, ‘చిరునామా’ అని సూటిగా రాయండి.

డిజైన్‌ను ముందు ఫోను తెరకు సరిపోయేలా గీయండి. లేత బూడిదరంగు అక్షరాలు నాజూకుగానే ఉంటాయి కానీ, ఎండలో నిలబడి చదివేవారికి, చూపు మందగించినవారికి అవి ఆనవు. మామూలు సైజు అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పేజీ నెమ్మదిస్తే ముందుగా ఫైలు సైజు కుదించని ఫొటోలనే అనుమానించండి.

కోడ్ రాయకముందే నమూనాను కొత్తవారి చేతికిచ్చి, ఒక పని చెప్పి, మాట్లాడకుండా గమనించండి. వారి వేలు తడబడిన ప్రతిచోటా మార్పు అవసరమే.