సైన్ వేవ్ గీసే ముందు పీరియడ్ ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకో

అమ్మలూ,

ఆటుపోట్ల డేటా మీద సైన్ వేవ్ (ఒకే లయలో పైకీ కిందికీ ఊగే అల గీత) ఎంతకీ కూర్చోవడం లేదని రాశావు. టెన్షన్ పడకు, చాలా మంచి విషయం పట్టుకున్నావు.

సగటు, ఆంప్లిట్యూడ్ (అల సగటు నుంచి ఎంత పైకి వెళ్తుందో అది), ఫేజ్ (అల ఏ సమయానికి మొదలవుతుందో అది) ఈ మూడూ డేటాలోంచి తీసుకో, తప్పులేదు. పీరియడ్‌ని, అంటే ఒక అల పూర్తయి మళ్లీ మొదలవడానికి పట్టే సమయాన్ని, మాత్రం కంప్యూటర్‌ని ఊహించమనకు, గుండ్రంగా ఉందని 12 గంటలూ పెట్టకు. దాన్ని అసలు కారణం దగ్గరే అడగాలి. పోటు తెచ్చేది ముఖ్యంగా చంద్రుడు. భూమి ఒక చుట్టు తిరిగేలోపు ఆయన కాస్త ముందుకు జరిగిపోతాడు, అందుకే మళ్లీ నడినెత్తికి రావడానికి 24 గంటల 50 నిమిషాలు పడుతుంది, ఈలోపు పోటు రెండుసార్లు వస్తుంది కాబట్టి నీ పీరియడ్ 12 గంటల 25 నిమిషాలు. ఆ 25 నిమిషాలే కదా అనుకుంటే వారం తిరిగేసరికి పోటు ఉన్నచోట నీ గీత ఆటు చూపిస్తుంది.

చెయ్యి తిరగడానికి ముందు పగటి నిడివితో చేసి చూడు. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర అన్నిటికన్నా పెద్ద పగలు దాదాపు 15 గంటలు, చిన్నది 9 గంటల 20 నిమిషాలు. సగటు 12 గంటల 10 నిమిషాలు, తేడాలో సగం 2 గంటల 50 నిమిషాలు, అదే ఆంప్లిట్యూడ్. పీరియడ్ 365 రోజులు. మార్చి 21 దగ్గర గీత సగటు దాటి పైకెళ్తుంది. మే 5కి 45 రోజులు గడిచాయి, 365 రోజులకి 360 డిగ్రీలు కాబట్టి ఇది 44 డిగ్రీలు, సైన్ 0.7, దాంతో ఆంప్లిట్యూడ్‌ని గుణిస్తే దాదాపు 2 గంటలు, సగటుకి అది కలిపితే 14 గంటల 10 నిమిషాలు. అసలు పగలు దీనికన్నా కొన్ని నిమిషాలే తక్కువ. నాలుగు సంఖ్యలతో ఇంత దగ్గరికి రావడం నాకు ఇప్పటికీ ఆనందంగానే ఉంటుంది! (కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో రేడియన్లలో ఉందో చూసుకో.)

ఇక అసలు పని. డేటాలోంచి నీ గీతని తీసేసి, మిగిలినదాన్ని విడిగా గ్రాఫ్ గియ్యి. ఆటుపోట్లలో ఆ మిగిలినదాంట్లో ఇంకో అల కనిపిస్తుంది, దాని పీరియడ్ సరిగ్గా 12 గంటలు, అది సూర్యుడిది. ఈ రెండూ ఒకదానికొకటి తోడైనప్పుడు అమావాస్య, పౌర్ణమి పోట్లు పెద్దవవుతాయి, ఎదురుపడినప్పుడు చిన్నవవుతాయి. 1870ల్లో విలియం థామ్సన్, అదే తరవాత లార్డ్ కెల్విన్ అయినాయన, ఇలాంటి అలలు చాలావాటిని కప్పీలతో, చక్రాలతో కలిపి రాబోయే పోట్లు గీసిపెట్టే యంత్రం చేయించాడు. పద్ధతి ఇదే.

ఫేజ్ వెతకడం కష్టంగా ఉంటే ఒక సైన్, ఒక కొసైన్ కలిపి పెట్టు, రెండు గుణకాలూ లీస్ట్ స్క్వేర్స్‌తో (గీతకీ డేటాకీ మధ్య తేడాల వర్గాల మొత్తాన్ని వీలైనంత తగ్గించే పద్ధతి) నేరుగా వచ్చేస్తాయి.

తిరిగి తిరిగి వచ్చేదల్లా ఒక్క సైన్‌కి లొంగదు. సూర్యుడి మచ్చలు సుమారు 11 ఏళ్లకోసారి పెరుగుతాయి, కానీ గబగబా పెరిగి మెల్లగా తగ్గుతాయి, పైగా ఆ 11 కూడా నిలకడగా ఉండదు. అలాంటి చోట బలవంతంగా గీత కూర్చోబెట్టొద్దు.

నీ దగ్గర వారం డేటానే ఉందన్నావు, అది చాలదు. చంద్రుడి అల, సూర్యుడి అల విడివిడిగా తేలాలంటే కనీసం 15 రోజులు కావాలి, నెల రోజులదైతే మరీ మంచిది, గంటకో కొలత చాలు. చేశాక మిగిలినదాని గ్రాఫే ముందు నాకు పంపు.

పెద్దనాన్న